యుద్ధకాలంలో పార్కులు ఏమయ్యాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ, వాటికి ముందూ తర్వాతా జరిగిన ముట్టడుల్లోనూ నగరాల పార్కులను ఏయే పనులకు వాడుకున్నారు, ఆ వాడకంతో నేల ఎలా మారింది, ఇప్పటికీ ఏం మిగిలింది అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు జవాబులివి. ఉదాహరణలు ఎక్కువగా లండన్, బెర్లిన్ నగరాలవే. కాగితాల్లోనూ నేల మీదా ఆనవాళ్లు బాగా మిగిలింది అక్కడే.

యుద్ధం రాగానే అందరి కళ్లూ పార్కుల మీదే ఎందుకు పడ్డాయి?

నగరం నడిబొడ్డున ఎవర్నీ ఖాళీ చేయించకుండా చేతికొచ్చే నేల పార్కు ఒక్కటే. అది ప్రభుత్వానిదో, పురపాలక సంఘానిదో అయి ఉంటుంది కాబట్టి సంతకం ఒక్కటి చాలు. పైన ఆకాశం కనబడుతుంది, కింద నేల తవ్వడానికి వీలుగా ఉంటుంది, చుట్టూ రోడ్లుంటాయి. ఫిరంగులు నిలపాలన్నా, గుడారాలు వెయ్యాలన్నా, మట్టి తియ్యాలన్నా, శిథిలాలు పొయ్యాలన్నా ఇవే కావాలి.

బ్రిటన్‌లో ఈ అలవాటు మొదటి ప్రపంచ యుద్ధంలోనే మొదలైంది. లండన్‌లో సెయింట్ జేమ్స్ పార్కు చెరువును ఎండగట్టి, ఆ అడుగున ప్రభుత్వ కార్యాలయాలకు తాత్కాలిక భవనాలు కట్టారు. 1922 దాకా చెరువులోకి మళ్లీ నీళ్లు రాలేదు. రీజెంట్స్ పార్కులో 5 ఎకరాల మేర కొయ్యతో ఒక పెద్ద షెడ్డు కట్టి, సైనికుల ఉత్తరాలన్నీ అక్కడే వేరుచేశారు. 1918 నాటికి అందులో 2,500 మంది పనిచేస్తుండేవారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కాబట్టి 1938 సెప్టెంబరులో మ్యూనిక్ సంక్షోభం (చెకొస్లొవాకియా విషయంలో హిట్లర్ బెదిరింపులతో యుద్ధం తప్పదనిపించిన సమయం) తలెత్తినప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ కొత్తగా ఆలోచించాల్సిన పని పడలేదు. యుద్ధానికి ఇంకా ఏడాది టైముండగానే హైడ్ పార్కులో, గ్రీన్ పార్కులో జనం బాంబుల నుంచి దాక్కునే కందకాల కోసం పలుగులూ పారలూ దిగాయి.

ఆ కందకాలు ఎలా ఉండేవి? నిజంగా కాపాడాయా?

1938లో తవ్వినవి వట్టి గోతులు. వానలు పడగానే గోడలు జారిపోయి అడుగున నీళ్లు నిలిచాయి. 1939లో వాటిని పక్కా చెయ్యమని ఆదేశాలొచ్చాయి. మనిషి నిలబడేంత లోతు తవ్వి, రెండు పక్కలా కాంక్రీటు పలకలు నిలబెట్టి, పైన కాంక్రీటు గాని ముడతల ఇనుప రేకు గాని పరిచి, దాని మీద మట్టి పోసేవారు. కందకాన్ని ఎక్కడా పొడవుగా, తిన్నగా సాగనివ్వరు. కొంత దూరానికోసారి లంబకోణంలో తిప్పుతారు. ఒక చోట బాంబు పేలితే ఆ పేలుడు గాలి, పెంకులు మలుపు దగ్గరే ఆగాలన్నది లెక్క. అదే కారణంతో ఒక్కో భాగంలో సుమారు 50 మందికి మించి ఉండకూడదన్న నియమం పెట్టారు.

దూరాన పడ్డ బాంబు పెంకుల నుంచి ఇవి బాగానే కాపాడాయి. నేరుగా పడిన బాంబుకు మాత్రం నిలవలేదు. పక్క పలకలనూ పై కప్పునూ గట్టిగా కలిపి కట్టని చోట, దగ్గర్లో పేలుడు జరిగితే బయటి మట్టి ఒత్తిడికి పలకలు లోపలికి వాలిపోయి, కప్పు కిందికి దిగిపోయేది. 1940 అక్టోబరు 15న దక్షిణ లండన్‌లోని కెన్నింగ్టన్ పార్కు కందకం మీద బాంబు పడింది. 104 మంది చనిపోయారని అంచనా. 48 మృతదేహాలే బయటికి తియ్యగలిగారు. మిగిలినవాళ్లు ఆ పచ్చిక కిందే ఉండిపోయారు. వాళ్లకు పార్కులో స్మారకం లేచింది 2006లో. అన్నేళ్లు ఆ నేల మీద గుర్తు ఒక్కటీ లేకుండా జనం నడిచారన్నది మనసును కలచివేసే విషయం.

ఫిరంగులు, బెలూన్లు పార్కుల్లోనే ఎందుకు పెట్టారు?

విమాన విధ్వంసక ఫిరంగికి చుట్టూ అడ్డంలేని ఆకాశం కావాలి. మేడల మధ్య అది దొరకదు. హైడ్ పార్కు, ప్రిమ్‌రోజ్ హిల్, విక్టోరియా పార్కులు అందుకే శిబిరాలయ్యాయి. ఫిరంగితో పాటు కాంక్రీటు దిమ్మె, గుండ్లు దాచే గదులు, సిబ్బంది గుడిసెలు, లారీలు తిరిగే బాట కూడా వచ్చేవి. నేలను ఎక్కువగా పాడుచేసింది ఆ లారీ బాటే.

బెలూన్ సంగతి వేరు. బ్రిటన్ వాడిన రకం 62 అడుగుల పొడవు, లోపల 19,000 ఘనపుటడుగుల హైడ్రోజన్. పైకి వదిలిన ఉక్కు తాడుకు తగిలితే విమానం రెక్క తెగుతుంది కాబట్టి పైలట్లు ఎత్తులోనే ఎగరాల్సి వచ్చేది, అక్కడి నుంచి గురి కుదరదు. 1940 నడిమికి ఇలాంటివి సుమారు 1,400 ఉంటే, మూడోవంతు లండన్ మీదే ఎగిరాయి. బెలూన్‌ను దించి నేల మీద పరిచి కట్టెయ్యాలంటే చెట్లు లేని చదును నేల, చుట్టూ వలయంగా కాంక్రీటు దిమ్మెలు, నడుమ తాడు చుట్టే వించి ఉన్న లారీ ఉండాలి. క్రికెట్ మైదానం అందుకు సరిగ్గా సరిపోయింది. పెనుగాలికి తాడు తెగితే వేలాడే ఆ ముక్క ఇళ్ల కప్పులనూ కరెంటు తీగలనూ ఈడ్చుకుపోయేది. పిడుగు పడితే హైడ్రోజన్ భగ్గుమనేది.

పార్కులో ఆయుధాలుంటే చుట్టుపక్కల జనానికి ప్రమాదం కాదా?

ప్రమాదమే, రెండు రకాలుగా. ఒకటి భయం. 1943 మార్చి 3న విక్టోరియా పార్కులో కొత్త రకం రాకెట్లు ఒక్కసారిగా పేల్చారు. ఎన్నడూ వినని ఆ మోతకు బెత్నల్ గ్రీన్ భూగర్భ స్టేషన్ మెట్ల మీద తొక్కిసలాట జరిగి 173 మంది ఊపిరాడక చనిపోయారు. ఆ రోజు అక్కడ శత్రువు బాంబు ఒక్కటీ పడలేదు.

రెండోది, పార్కే లక్ష్యమైపోవడం. హేగ్ నగరంలోని హాగ్స్ బోస్ అనే వనం నుంచి జర్మన్లు వీ-2 రాకెట్లు వదిలేవారు. 1945 మార్చి 3న ఆ వనాన్ని కొట్టబోయిన బ్రిటిష్ విమానాల గురి తప్పింది. బాంబులు పక్కనున్న బెజౌడెన్‌హౌట్ పేట మీద పడి 500 మందికి పైగా పోయారు.

ఆట మైదానాన్ని కూరగాయల తోటగా ఎలా మార్చారు?

అడిగినవాళ్లలో చాలామంది ఇప్పుడు అదే పని చేద్దామనుకునేవాళ్లు కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి.

బ్రిటన్‌లో ఒక కుటుంబానికి ఇచ్చే మడి కొలత 90 అడుగులు × 30 అడుగులు, అంటే 300 చదరపు గజాలు. పూర్తి కొలత ఫుట్‌బాల్ మైదానంలో లెక్క ప్రకారం 28 మడులు పడతాయి. దారులు, నీటి కుళాయిలు, చెట్ల నీడ తీసేస్తే అంతకంటే తక్కువే వస్తాయి.

మొదట గడ్డిని వేళ్లతో సహా రెండంగుళాల మందాన పలకలుగా కోస్తారు. మడి ఒక చివర రెండడుగుల వెడల్పున పార లోతు చాలు (గాడి) తీసి, ఆ మట్టిని అవతలి చివరకు మోసి పోస్తారు. చాలు అడుగును ముళ్లపారతో ఇంకో పార లోతు గుల్ల చేస్తారు. ఈ అడుగు మట్టిని మాత్రం పైకి తేకూడదు. గడ్డి పలకలను అందులో బోర్లా పరిచి, పారతో ముక్కలుగా నరికి, దొరికితే పశువుల ఎరువు వేసి, పక్క చాలు తీసిన మట్టితో కప్పుతారు. ఇలా చివరిదాకా వెళ్లాక, మొదట మోసిన మట్టి ఆఖరి చాలును నింపుతుంది. శీతాకాలమంతా గడ్డలు చిదపకుండా వదిలేస్తే మంచు వాటిని తనే విరగ్గొడుతుంది.

ఇక వచ్చే తిప్పలు. ఏళ్ల తరబడి గడ్డి ఉన్న నేలలో వైర్‌వార్మ్ అనే పసుపురంగు సన్నని పురుగు తిష్ఠ వేసి ఉంటుంది. తినడానికి గడ్డి వేళ్లు లేకపోయేసరికి బంగాళాదుంపలో దూరి సూది బెజ్జాలు చేస్తుంది. నాలుగైదేళ్లు పురుగు దశలోనే బతుకుతుంది కాబట్టి ఒక్క పంటతో పోదు. అలాంటి చోట మొదటి ఏడు బఠాణీ, చిక్కుడు వెయ్యడం మేలు, దుంప పండిస్తే ముందుగానే తవ్వెయ్యాలి. ఆటగాళ్ల కాళ్ల కింద, రోలర్ కింద నలిగిన నేలలో జానెడు లోతున గట్టి పొర ఏర్పడుతుంది. దాన్ని పగలగొట్టకపోతే నీళ్లు పైనే నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. గడ్డిని లోతుగా పూడ్చకుండా పైపైనే కలిపేస్తే, అది మక్కడానికి నేలలోని నత్రజని అంతా లాగేసుకుని మొక్కలు పాలిపోతాయి. పొగగొట్టాల మసి పడిన లండన్ నేల పుల్లబారి ఉండేది, సున్నం వెయ్యందే క్యాబేజీ ఎదగదు. పెద్ద చెట్టు కొమ్మలు పరుచుకున్నంత మేరా అసలు ప్రయత్నమే వద్దు.

పంటల వరుస కూడా ముఖ్యమే. మడిని మూడు పాళ్లు చేసి దుంపలు, క్యాబేజీ జాతి, చిక్కుడు-ఉల్లి జాతులను ఏటా ఒక పాలు ముందుకు జరిపేవారు. కంచె ఇనుము యుద్ధానికి పోవడంతో మడుల్లో దొంగతనాలు పెరిగాయి.

దీనివల్ల తిండి సమస్య తీరిందా?

కూరగాయల వరకు చాలా తీరింది. బ్రిటన్‌లో ఈ మడుల సంఖ్య 1939లో ఉన్న సుమారు 8 లక్షల నుంచి 1943 నాటికి 14 లక్షలకు చేరింది. అమెరికాలో ఇళ్ల పెరళ్లు, పార్కులు కలిపి 1943లో సుమారు 2 కోట్ల తోటలు వేశారని, ఆ ఏడు తాజా కూరగాయల్లో 40 శాతం వాటి నుంచే వచ్చాయని అంచనా. గోధుమ, నూనె, మాంసం మాత్రం పార్కులో పండవు. హైడ్ పార్కులో పందుల్ని పెంచిన మాట నిజమే గాని దాంతో ఊరు గడవదు. ఆ తోటలకున్న అసలు విలువ ఓడల్లో చోటు మిగలడం. కూరగాయల బరువు తగ్గిన మేరకు వేరే సరుకు వచ్చేది.

టోక్యోలో ఉయెనో పార్కులోని షినోబజు చెరువును ఎండగట్టి వరి వేశారు. యుద్ధం అయ్యాక అక్కడ బేస్‌బాల్ స్టేడియం కడదామన్నారు. చివరికి 1949లో చెరువునే తిరిగి నింపారు. తామరలు ఇప్పటికీ పూస్తున్నాయి.

లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో పార్కులు ఎలా మిగిలాయి?

1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 దాకా జర్మన్లు ఈ రష్యా నగరాన్ని దిగ్బంధించారు. మొదటి చలికాలం ఆకలికి లక్షల మంది చనిపోయారు. 1942 వసంతం రాగానే సెయింట్ ఐజాక్ చర్చి ముందున్న చౌకులో క్యాబేజీ నాటారు, సమ్మర్ గార్డెన్‌లో మడులు కట్టారు, మార్స్ మైదానంలో ఫిరంగుల పక్కనే కూరలు పెంచారు. వృక్షశాస్త్రవేత్తలు తినదగిన అడవి ఆకుల గురించి కరపత్రాలు వేసి పంచారు. సమ్మర్ గార్డెన్‌లోని పాలరాతి విగ్రహాలను అక్కడి నేలలోనే పాతిపెట్టి కాపాడారు. వంటచెరకు లేక అల్లాడుతున్న రోజుల్లో కూడా ఆ తోట చెట్లను నరకకుండా నిలుపుకున్నారు.

చెట్లను మాత్రం అన్ని చోట్లా నరికేశారా?

అన్ని చోట్లా కాదు గాని, చలికాలంలో బొగ్గు ఆగిన చాలా నగరాల్లో నరికారు. 1870-71 ముట్టడిలో పారిస్‌వాళ్లు బ్వా ద బులోన్ చెట్లు కొట్టారు, ముట్టడికి ముందు అదే వనంలో గొర్రెల మందలను తోలి ఉంచారు. 1992-96 ముట్టడిలో బోస్నియా రాజధాని సారాయెవో పార్కుల చెట్లు ఇళ్ల పొయ్యిల్లోకి పోయాయి.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ బెర్లిన్‌లోని టియర్‌గార్టెన్. యుద్ధానికి ముందున్న 2 లక్షల పైచిలుకు చెట్లలో దాదాపు 700 మిగిలాయి. బాంబులు, ఆఖరి పోరు కొన్నిటిని పడగొట్టాయి, మిగతావి 1945-46 చలికి కట్టెలయ్యాయి. ఖాళీ అయిన నేలను సుమారు 2,550 మడులుగా విభజించి బంగాళాదుంపలు వేశారు. చెరువులను శిథిలాలతో పూడ్చేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. నగర ఉద్యానశాఖ అధిపతి రైన్‌హోల్డ్ లింగ్నర్ దాన్ని అడ్డుకున్నారు. ఆ ఒక్క నిర్ణయమే తర్వాత పార్కును బతికించిందని చెప్పవచ్చు. చెట్లు మళ్లీ నాటుకోవచ్చు, పూడ్చిన నీటిదారులను వెనక్కి తేవడం చాలా కష్టం. 1949 మార్చి 17న, నగరం ఇంకా సోవియట్ దిగ్బంధంలో ఉండగానే, మేయర్ ఎర్న్‌స్ట్ రాయిటర్ మొదటి మొక్క నాటారు. 1959 దాకా పశ్చిమ జర్మనీ నలుమూలల నుంచి వచ్చిన రెండున్నర లక్షల మొక్కలు అక్కడ వేళ్లూనాయి. దిగ్బంధం రోజుల్లో కొన్నిటిని విమానాల్లో తెచ్చారు.

నరకని చెట్లు కూడా మెల్లగా చనిపోతాయన్నది చాలామందికి తెలియదు. కందకం తవ్వినప్పుడు వేళ్లు తెగుతాయి. తవ్విన మట్టిని మొదలు చుట్టూ జానెడు ఎత్తు పోసినా చాలు, వేళ్లకు గాలి అందదు. చెట్టు వెంటనే ఎండదు, కొమ్మ చివళ్లు మోడువారడం కొన్నేళ్ల తర్వాత మొదలవుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

పార్కుల ఇనుప కంచెలు ఏమయ్యాయి?

1941 సెప్టెంబరు నుంచి బ్రిటన్ వాటిని నిర్బంధంగా తీసుకుంది. కళాత్మకమైనవి, పాతకాలపువి, పిల్లలు పడిపోయే చోట రక్షణగా ఉన్నవి మినహాయించారు. చేత ఇనుమును గ్యాసు మంటతో మొదలంటా కోసేవారు. పోత ఇనుము మంటకు సరిగా తెగదు, సమ్మెటతో విరగ్గొట్టేవారు. తునకల్లో పోత ఇనుము ఎక్కువ కావడంతో అది విమానాలకు నేరుగా పనికొచ్చే సరుకు కాదు. అయినా చేతనైన సాయం చేశామన్న తృప్తి ప్రజలకు మిగిలింది. సంపన్నుల పేటల్లో తాళం వేసి ఉండే చౌకు తోటలు ఆ కొద్ది ఏళ్లూ అందరికీ తెరుచుకున్నాయి. యుద్ధం ముగిశాక చాలాచోట్ల మళ్లీ కంచె లేచింది.

దక్షిణ లండన్‌లో కొన్ని నివాస సముదాయాల ముందు ఇప్పటికీ ఒక వింత కంచె కనబడుతుంది. గొట్టాల చట్రం, మధ్యలో తీగల జాలీ, రెండు చివరలా గొట్టం చిన్నగా వంకర తిరిగి ఉంటుంది. అవి వైమానిక దాడుల కోసం చేసిన స్ట్రెచర్లు. విషవాయువు తగిలినా కడిగి వాడుకోవాలని గుడ్డ లేకుండా ఉక్కుతో చేశారు. నేల మీద ఆనడానికి పెట్టిన కాళ్లే ఆ వంకరలు. యుద్ధం తర్వాత మిగిలినవాటిని పక్కకు తిప్పి కంచెగా బిగించారు.

శిథిలాల గుట్టలు పార్కులుగా ఎలా మారాయి?

కూలిన ఇళ్ల ఇటుకను ఊరి బయటికి మొయ్యడానికి పెట్రోలు ఉండదు. దగ్గరి ఖాళీ నేలలో పొయ్యడమే దారి. లండన్ హాక్నీ మార్షెస్ మైదానాల నేల మట్టం శిథిలాలతోనే పెరిగింది. రీజెంట్స్ పార్కు ఆటస్థలాల కింద కూడా అవే ఉన్నాయి, అక్కడ నీరు సరిగా ఇంకదు.

బెర్లిన్‌లో ఇదే పని కొండల స్థాయిలో జరిగింది. ఫ్రీడ్రిక్స్‌హైన్ పార్కులోని రెండు విమాన విధ్వంసక బురుజులను 1946లో పేల్చి, శిథిలాలతో కప్పేసరికి గుట్టలయ్యాయి. హంబోల్ట్‌హైన్ పార్కు బురుజును, రైలు పట్టాలు పక్కనే ఉండటంతో, ఒక వైపు పేల్చలేక వదిలేశారు. జంతుప్రదర్శనశాల దగ్గరి బురుజు 1947లో మొదటి పేలుడుకు చెక్కుచెదరలేదు, 1948లో గాని కూలలేదు. వియన్నా ఆగార్టెన్ తోటలో రెండు బురుజులు నేటికీ నిలబడే ఉన్నాయి.

ఇటుక గుట్ట మీద తోట వెయ్యాలంటే తొందరపడకూడదు. లోపలి ఖాళీలు కుంగుతాయి, అందుకే మొదటి ఏళ్లలో బరువైన కట్టడాలు పనికిరావు. సున్నం వల్ల నేల క్షారంగా ఉంటుంది, నీరు నిలవదు. బెర్లిన్ శిథిలాల మీద రొబీనియా బాగా నిలదొక్కుకుంది. గాలిలోని నత్రజనిని వేళ్లలో పట్టే చెట్టు కావడంతో బీద నేలలో తట్టుకోగలిగింది.

పార్కుల్లో శవాలు పూడ్చారంటారు, నిజమేనా?

నిజమే. 1945 మార్చి 10 నాటి అమెరికా వైమానిక దాడి తర్వాత టోక్యో పార్కుల్లో వేలమందిని తాత్కాలికంగా పూడ్చారు, తర్వాత ఎముకలను వేరే చోటికి మార్చారు. సారాయెవోలో జెత్రా క్రీడాభవనం దగ్గరి ఆటమైదానమే శ్మశానమైంది, అది అలాగే ఉంది. లెనిన్‌గ్రాడ్‌లో శవదహనాలకు వాడిన ఇటుకల ఫ్యాక్టరీ చోట 1945లో విక్టరీ పార్కు వేశారు.

యుద్ధం అయిపోగానే పార్కులు తిరిగి వచ్చేశాయా?

పైపైన వాడినవి త్వరగా, కట్టినవీ పోసినవీ ఆలస్యంగా. కూరమడిని దున్ని గడ్డి విత్తనం చల్లితే రెండేళ్లలో పచ్చిక వస్తుంది. ఇల్లు కడితే కథ మారుతుంది. లండన్ క్యాట్‌ఫర్డ్‌లో ఫోర్స్టర్ స్మారక పార్కు నేలలో కొంత భాగం తీసుకుని 1945-46లో యుద్ధఖైదీల చేత దాదాపు 190 రెడీమేడ్ ఇళ్లు వేయించారు. వాటికి రాసిన ఆయుష్షు పదేళ్లు. అరవై ఏళ్లు దాటినా జనం అందులో ఉన్నారు, 2009లో ఆరిళ్లను వారసత్వ కట్టడాలుగా గుర్తించారు. కొన్ని మార్పులు మంచికే మిగిలాయి. బాస్టన్‌లో 1942లో వేసిన ఫెన్‌వే తోటలో ఈనాటికీ ఊరివాళ్లు కూరలూ పూలూ పెంచుతున్నారు.

మా పార్కులో యుద్ధపు ఆనవాళ్లు ఉన్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

మొదట పొట్టి గోడల పైరాళ్లు చూడండి. సమాన దూరంలో సీసం పోసిన గుంటలు, వాటిలో కోసిన ఇనుప మొదళ్లు ఉంటే కంచె పోయిందన్నమాట. వర్షం లేని వేసవిలో ఎత్తు నుంచి ఫోటో తీయండి. కాంక్రీటు మీద గడ్డి ముందే ఎండుతుంది, పూడ్చిన కందకంలో మట్టి లోతుగా ఉంటే ఆలస్యంగా ఎండుతుంది. లంబకోణపు మలుపుల గీత కనబడితే అది కందకమే. తర్వాత 1940ల నాటి విమాన ఛాయాచిత్రాలు, పురపాలక సంఘం పార్కుల కమిటీ మినిట్స్ వెతకండి. మినిట్స్‌లో పరిహారం లెక్కల దగ్గర వివరాలు ఎక్కువ ఉంటాయి.

తవ్వకానికి మాత్రం దిగకండి. తుప్పుపట్టిన లోహపు వస్తువు ఏదైనా బయటపడితే ముట్టుకోకుండా, కదపకుండా, చోటు గుర్తుపెట్టుకుని దూరంగా వెళ్లి పోలీసులకు చెప్పండి. పాత చెట్టు కొట్టించేటప్పుడు రంపం పనివాళ్లకు ముందే హెచ్చరించాలి, మానులో దిగిన బాంబు పెంకులు గొలుసు రంపాన్ని తెంపుతాయి.

శిథిలాలు పోసిన నేలలో కూరలు పండించవచ్చా?

పరీక్ష చేయించకుండా వద్దు. పాత రంగుల్లోని సీసం, పైకప్పు రేకుల్లోని ఆస్బెస్టాస్ ముఖ్యంగా చూడాలి. ఒకే చోట కాకుండా పది, పదిహేను చోట్ల జానెడు లోతు నుంచి మట్టి తీయండి. పోత నేలలో పది అడుగుల తేడాలోనే ఫలితం మారిపోతుంది. సీసం ఎక్కువుంటే అడుగున గుడ్డ పరిచి, ఎత్తు మడి కట్టి కొత్త మట్టి పోసుకోవాలి. ఆకుకూరలు, దుంపలకన్నా కాయలు కాసే మొక్కలు అలాంటి చోట నయం.

ఇప్పుడు యుద్ధంలో ఉన్న నగరాల పార్కుల నిర్వాహకులు ఏం నమోదు చెయ్యాలి?

తవ్విన ప్రతి గోతికీ స్థానం, లోతు, దేనితో పూడ్చారు, ఏ తేదీన అన్నవి రాయండి. పోసిన శిథిలం ఏ వీధిదో రాస్తే అందులో ఏముందో తర్వాత తెలుస్తుంది. కొట్టిన చెట్టు జాతి, చుట్టుకొలత, మొదలు ఫోటో ఉంచండి. పైమట్టిని ముందే తీసి, వేరుగా, నడుమెత్తుకు మించని కుప్పగా పెట్టి గడ్డితో కప్పండి. ఎత్తుగా పోస్తే లోపలి మట్టికి గాలి ఆడక జీవం పోతుంది. నేల ఇచ్చిన ప్రతి కాగితంలోనూ తిరిగి ఇచ్చే తేదీ, పూర్వస్థితికి తెచ్చే ఖర్చు ఎవరిదన్నది రాయించండి. ఒక ప్రతిని ఆ కార్యాలయంలో కాకుండా వేరే ఊళ్లో దాచండి.